రూటర్ మార్చినా ‘నాట్ టైప్ 3’ పోలేదా: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లకు నెట్‌వర్క్ పనులు చేసే నాకు సెలవుల్లో వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. పిల్లవాడికి ప్లేస్టేషనో ఎక్స్‌బాక్సో కొన్నారు, నెట్ వస్తోంది, కానీ స్నేహితులతో కలిసి ఆడబోతే వాళ్ల మాట వినపడదు, లేదా ఆటలో చేరనివ్వదు. సెట్టింగ్స్‌లో చూస్తే నాట్ టైప్ 3 అనో స్ట్రిక్ట్ అనో ఉంటుంది. ఇంట్లోని పరికరాలన్నీ ఒకే ఇంటర్నెట్ చిరునామాను పంచుకునేలా రూటర్ చేసే మార్పిడే నాట్; టైప్ 3, స్ట్రిక్ట్ అంటే బయటి నుంచి ఆ ఆట కన్సోల్‌కు వచ్చే దారి బాగా మూసుకుపోయిందని. నాకు ఫోన్ చేసే సరికే వాళ్లు ఎవరి మాటో విని కొత్త రూటర్ కొనేసి ఉంటారు.

అపోహ: ఖరీదైన గేమింగ్ రూటర్ కొని పోర్టులు తెరిస్తే నాట్ సరిపోతుంది.

వాస్తవం: డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. పోర్టు అంటే బయటి డేటా లోపలికి వచ్చే, నంబరున్న దారి. దాన్ని ఇంట్లోని ఒక పరికరానికి మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయాలంటే రూటర్‌కు వాన్ వైపున, అంటే ఆపరేటర్ లైను తగిలించిన వైపున, ఉన్న ఐపీ చిరునామా నేరుగా ఇంటర్నెట్‌కు చెందినదై ఉండాలి. ఐపీవీ4 అనే పాత తరహా ఐపీ చిరునామాలు ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్లు మాత్రమే. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏప్నిక్ సంస్థ 2011 ఏప్రిల్‌లోనే తన ఆఖరి వాటాను ముట్టుకోవలసి వచ్చింది. అందువల్ల చాలామంది ఆపరేటర్లు అనేక ఇళ్లను ఒకే చిరునామా వెనుక ఉంచుతున్నారు. దాన్నే సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంటు గేటు తాళం కమిటీ దగ్గర ఉండగా మన ఫ్లాటు తలుపు ఎంత బార్లా తెరిచినా చుట్టం లోపలికి రాలేడు; ఎంత ఖరీదైన రూటరైనా మార్చగలిగేది మన ఫ్లాటు తలుపునే.

కాబట్టి కొనడానికి ముందు రెండు నిమిషాలు వెచ్చించి, రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ ఎంతో రాసుకోండి. తరువాత మొబైల్ డేటా ఆపి, అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికి, అక్కడ కనిపించే ఐపీవీ4 చిరునామాతో దాన్ని పోల్చండి. రెండూ ఒకటే అయితే చిరునామా మీదే. రూటర్‌లో యూపీఎన్‌పీ (కన్సోల్ తనకు కావలసిన పోర్టులను తానే తెరిపించుకునే సదుపాయం) ఆన్ చేసి కన్సోల్‌ను రీస్టార్ట్ చేస్తే చాలా ఇళ్లలో పని అక్కడితో అయిపోతుంది. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసలో ఉంటే అది సీజీనాట్, ఎందుకంటే 2012లో ఆ వరుసను ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు. 192.168తో మొదలైతే చాలాసార్లు తప్పు మన ఇంట్లోనే ఉంటుంది: ఆపరేటర్ పెట్టిన ఫైబర్ బాక్సూ, మీరు కొన్న రూటరూ రెండూ రూటర్ పనే చేస్తున్నాయన్నమాట. ఇలా నాట్ రెండుసార్లు జరగడమే డబుల్ నాట్. దీన్ని సరిచేయడానికి పైసా ఖర్చు అక్కరలేదు. ఫైబర్ బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి లైనును అలాగే దాటించేలా) పెట్టించుకోవచ్చు, లేదా కొత్త రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చుకోవచ్చు. 10తో మొదలైతే రెండింటిలో ఏదైనా కావచ్చు, అప్పుడు ఫైబర్ బాక్సు పేజీ కూడా తెరిచి చూడాలి.

ఇంత చెబుతున్న నేనే తొలిరోజుల్లో కావలిలో ఒక ఇంట్లో రెండు సాయంత్రాలు 3074 పోర్టు తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాను. ఆ ఇంటి పెద్దాయన కాఫీ ఇస్తూ, “ఏం అబ్బయ్యా, మావాడు ఏమన్నా నొక్కి చెడగొట్టాడా?” అని అడిగాడు. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్లవాడు తనవల్లే పాడైందేమోనని తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడు గాని వాన్ ఐపీ చూడాలని నాకు తోచలేదు. చూస్తే 100.72తో మొదలైంది. పిల్లవాడి తప్పు ఏమీ లేదు. రెండు రోజులు వృథా చేసిన తప్పు నాది.

సీజీనాట్ అని తేలితే ఆపరేటర్‌ను స్టాటిక్ లేదా పబ్లిక్ ఐపీ, అంటే మీ ఇంటికే చెందే ఇంటర్నెట్ చిరునామా, ఇవ్వమని అడగాలి; సాధారణంగా దానికి అదనపు రుసుము ఉంటుంది. అయితే కంపెనీ సర్వర్లపైనే నడిచే ఆటలు సీజీనాట్ వెనుక కూడా బాగానే నడుస్తాయి. పిల్లవాడు ఆడేవి అవే అయితే ఆ రుసుము కట్టవద్దనే నేను చెబుతాను.

అపోహ: నాట్ టైప్ 1 వచ్చేదాకా వదలకూడదు.

వాస్తవం: ప్లేస్టేషన్‌లో టైప్ 1 అంటే మధ్యలో రూటర్ లేకుండా నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించినట్టు. రూటర్ ఉన్న ఇంట్లో టైప్ 2 రావడమే సహజం, అది చాలు.

అపోహ: ప్లాన్ వేగం పెంచితే ల్యాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం) పోతుంది.

వాస్తవం: ఆట నడిచేటప్పుడు వాడుకునే డేటా చాలా తక్కువ, 300 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్‌కు ఉపయోగపడుతుంది గాని పింగ్‌ను, అంటే సర్వర్‌కు సంకేతం పోయి వచ్చే సమయాన్ని, తగ్గించదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, తీగ తిన్నగా ఉన్నా నెల్లూరు నుంచి ముంబయి సర్వర్‌కు పోయి రావడానికే 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ దూరాన్ని ఏ ప్లానూ తగ్గించలేదు. రూటర్ నుంచి కన్సోల్‌కు ల్యాన్ కేబుల్ లాగండి, తేడా అక్కడ తెలుస్తుంది.

అపోహ: పోర్టు తెరిస్తే బ్యాంకు డబ్బు పోతుంది.

వాస్తవం: ఈ భయంతో అడిగే తల్లులను నేను ఎప్పుడూ తేలికగా తీసుకోను. ఫార్వర్డ్ చేసిన పోర్టు ఆ ఒక్క కన్సోల్‌కే దారి ఇస్తుంది, మీ ఫోన్‌కు కాదు. కాకపోతే కన్సోల్‌కు ఇంట్లో ఎప్పుడూ ఒకే ఐపీ ఉండేలా రిజర్వ్ చేయకుండా, ఎవరో చెప్పారని డీఎంజెడ్ (బయటి నుంచి వచ్చేదంతా ఒకే ఐపీకి పంపే సెట్టింగ్) పెట్టేవాళ్లున్నారు. రేపు అదే ఐపీ ఇంట్లోని ల్యాప్‌టాప్‌కు వెళితే, బయటి నుంచి వచ్చేదంతా దాని మీదికే మళ్లుతుంది. అంతకంటే ముందుగా చూడవలసింది, రూటర్‌కు నేటికీ అడ్మిన్, అడ్మిన్ అనే యూజర్ పేరూ పాస్‌వర్డే ఉన్నాయా, వాన్ వైపు నుంచి రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచే రూటర్ సెట్టింగ్స్ మార్చే వీలు) ఆన్‌లో ఉందా అన్నది. ఉంటే కన్సోల్ సంగతి తరువాత, ముందు పాస్‌వర్డ్ మార్చి ఆ రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపేయండి.