బడి గోడ మీది పది ఆజ్ఞలు: ఒక పాత బాలశిక్ష పుటలు తిరగేస్తే

2024 జూన్ 19న అమెరికాలోని లూసియానా రాష్ట్ర గవర్నర్ జెఫ్ లాండ్రీ ఒక చట్టం మీద సంతకం చేశారు. రాష్ట్రంలోని ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి తరగతి గదిలో బైబిల్‌లోని పది ఆజ్ఞలను కనీసం 11 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తున్న కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసి గోడకు పెట్టాలి. వాటితో పాటు ఒక చిన్న చరిత్ర పాఠం కూడా ఉండాలి. దాదాపు మూడు శతాబ్దాల పాటు అమెరికా ప్రభుత్వ విద్యలో పది ఆజ్ఞలకు ప్రముఖ స్థానం ఉండేదని ఆ పాఠం చెబుతుంది. 1688 ప్రాంతంలో అచ్చయిన 'న్యూ ఇంగ్లండ్ ప్రైమర్' అనే వాచకంలో ఆజ్ఞల మీద నలభైకి పైగా ప్రశ్నలున్నాయని అంటుంది. మెక్‌గఫీ రీడర్లు అనే పాత బడి వాచకాలను, నోవా వెబ్‌స్టర్ స్పెల్లింగ్ పుస్తకాన్ని కూడా సాక్ష్యానికి పిలుస్తుంది.

మరుసటి ఏడాది టెక్సాస్ కూడా ఇలాంటి చట్టం చేసింది. అక్కడ కాగితం 16 అంగుళాలు, 20 అంగుళాలు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటున్న ప్లేనో పాఠశాల జిల్లా సహా పదకొండు జిల్లాల్లో దాని అమలును 2025 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి ఫ్రెడ్ బియరీ నిలిపివేశారు. వ్యాజ్యాలు పై కోర్టుకు వెళ్లాయి.

రెండు మూడు వందల ఏళ్ల నాటి పిల్లల పుస్తకాలకు ఇప్పుడు చట్టంలో ఇంత పని ఎందుకు పడిందంటే, దానికి కారణం కోర్టులోనే ఉంది. 1978లో కెంటకీ రాష్ట్రం సరిగ్గా ఈ పనే చేసింది. అప్పుడూ కాగితం 16 అంగుళాలు, 20 అంగుళాలే. 1980లో స్టోన్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు నాలుగు దశాబ్దాలు అడ్డుగోడగా నిలిచింది. 2022లో ఒక బడి ఫుట్‌బాల్ కోచ్ ప్రార్థనకు సంబంధించిన కెన్నెడీ కేసులో అదే కోర్టు, మతానికీ ప్రభుత్వానికీ మధ్య గీత ఎక్కడుందో తేల్చాలంటే చరిత్రనూ సంప్రదాయాన్నీ చూడాలని చెప్పింది. అప్పటి నుంచి సంప్రదాయం ఉందని నిరూపించడం చట్టం చేసేవారి అవసరమైంది. అందుకే ప్రైమర్ అటక మీద నుంచి కిందికి దిగింది.

దిగింది కనుక పూర్తిగా చదువుదాం. ఒక్క పుట చించి గోడకు అంటించి మిగతాది మూసేయడం ఆ పుస్తకానికీ న్యాయం కాదు, పిల్లలకూ న్యాయం కాదు.

ప్రైమర్‌ను మొదట అచ్చువేసిన బెంజమిన్ హారిస్ లండన్‌లో పుస్తకాల వ్యాపారి. రాజద్రోహపు రాతలు అచ్చువేశాడని అక్కడ బొండకొయ్యలో నిలబెట్టారు. 1686లో బోస్టన్ చేరాడు. 1690 సెప్టెంబరులో ఒక వార్తాపత్రిక మొదలుపెడితే, అనుమతి లేదంటూ అధికారులు ఒక్క సంచికతోనే ఆపించారు. వలస రాజ్యాల్లో తొలి వార్తాపత్రికగా చెప్పుకునేది దాన్నే. ప్రైమర్ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. తొలి ప్రతులేవీ ఇప్పుడు లేవు, దొరికినవాటిలో అన్నిటికంటే పాతది 1727 నాటిది.

అరచేతిలో ఇమిడే పుస్తకం అది. మన పెద్దబాలశిక్షలాగే అక్షరాలతో మొదలై లోకజ్ఞానం దాకా వెళుతుంది, అయితే ఆ లోకం నిండా పాపమూ మరణమూ ఉంటాయి. 'ఏ' అక్షరం పక్కన చెక్క అచ్చుతో వేసిన ఆదాము బొమ్మ, దాని పక్కన ప్రాసతో రెండు ముక్కలు: ఆదాము పతనంలో మనమంతా పాపులమయ్యాం. 'ఎఫ్' దగ్గర సోమరి మూర్ఖుడికి బడిలో దెబ్బలు పడుతుంటాయి. 'వై' దగ్గర ముందుకు ఉరికే యౌవనాన్ని మృత్యువు అందరికంటే ముందుగా తుంచేస్తుంది. నిద్రకు ముందు పిల్లలు చెప్పుకునే ప్రార్థన కూడా ఈ పుస్తకం ద్వారానే ఇంటింటికీ చేరింది: నిద్ర లేచేలోగా నేను చనిపోతే నా ఆత్మను తీసుకో, దేవా. నాలుగేళ్ల పసివాళ్ల చేత ఈ మాటలు అనిపించడం ఇప్పుడు మనకు కఠినంగా అనిపిస్తుంది. ప్రతి ఇంట్లోనూ చిన్న శవపేటిక లేచిన కాలం అది. తల్లిదండ్రులు ఆ ప్రార్థన నేర్పింది భయపెట్టడానికి కాదు, భయపడుతూ నేర్పారు. అది గుర్తుంచుకోవాలి.

చట్టం చెప్పిన నలభై ప్రశ్నలు కూడా నిజమే. క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలు జవాబులుగా నేర్పే వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరిని ప్రైమర్‌లో చేర్చారు, అందులో మొత్తం 107 ప్రశ్నలున్నాయి. వాటిలో 41 నుంచి 81 వరకు పది ఆజ్ఞల గురించే. అయితే ఇది ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ మార్గాన నడిచిన ప్యూరిటన్లు తమ పిల్లల కోసం, తమ చర్చి శాసించే సమాజంలో వాడుకున్న పాఠం. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ 1647లో యాభై ఇళ్లున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలని చట్టం చేసినప్పుడు దానికి చెప్పిన కారణం, మనుషులు లేఖనాలు చదవకుండా చేయడం సైతాను పన్నాగమని. బడి, చర్చి, ఊరు ఒకటే అయిన చోట ఎవరి ఆజ్ఞలు అనే ప్రశ్నే పుట్టదు.

అదే పుస్తకంలో ఇంకొంచెం ముందుకు వెళితే జాన్ రోజర్స్ బొమ్మ కనబడుతుంది. ఇంగ్లండ్‌లో మేరీ రాణి కాలంలో స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా తగలబెట్టిన ప్రొటెస్టంట్ బోధకుడు. మంటల్లో ఆయన, ఎదురుగా భార్య, పిల్లలు. కింద ఆయన తన పిల్లలకు చెప్పినట్టుగా ఒక పద్యం. అందులో రోమన్ క్యాథలిక్ చర్చిని వేశ్య అంటూ, దాన్ని అసహ్యించుకోమని, దాని శాసనాలకు లోబడవద్దని ఉంటుంది. ఆజ్ఞలు నేర్చుకున్న పిల్లలే ఈ పద్యాన్నీ వల్లించారు. లూసియానా చరిత్ర పాఠంలో ఇది లేదు. 1727లో బోస్టన్‌లో ఈ ప్రైమర్ అచ్చవుతున్నప్పుడు, ఫ్రెంచి వలస రాజ్యమైన లూసియానాలో, న్యూ ఆర్లియన్స్‌కు ఉర్సులైన్ సన్యాసినులు ఓడ దిగారు. ఆడపిల్లలకు బడి పెట్టారు. వాళ్లు క్యాథలిక్కులు. ప్రైమర్ ఎవరిని అసహ్యించుకోమందో ఆ జనమే లూసియానాలో తొలి బడులు నడిపారు!

పందొమ్మిదో శతాబ్దంలో ఇలాంటి మతబోధ సాహిత్యం వరదలా పారింది. 1816లో అమెరికన్ బైబిల్ సొసైటీ, 1824లో సండే స్కూల్ యూనియన్, 1825లో ట్రాక్ట్ సొసైటీ పుట్టాయి. మద్యం మానమని, ఆదివారం పవిత్రంగా ఉంచమని, పశ్చాత్తాపపడమని చెప్పే చిన్న పుస్తకాలు లక్షల్లో చేతులు మారాయి. అదే కాలంలో లూసియానా 1830లో బానిసలకు చదవడం నేర్పితే నెల నుంచి ఏడాది దాకా జైలు అని చట్టం చేసింది. వెబ్‌స్టర్ స్పెల్లింగ్ పుస్తకాన్ని బాల్టిమోర్ వీధుల్లో జేబులో పెట్టుకు తిరిగి, దొరికిన తెల్ల పిల్లల దగ్గర దొంగచాటుగా చదువు నేర్చుకున్న ఒక నల్ల కుర్రాడు తర్వాత బానిసత్వాన్ని ఎదిరించిన నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ అయ్యాడు. ఆ స్పెల్లింగ్ పుస్తకం అమెరికా పిల్లలందరిదీ అని ఇవాళ చట్టం అంటున్నప్పుడు, అందరూ అనే మాటలో ఎవరు లేరో కూడా చెప్పాలి.

అందరూ ఒకే గదిలో కూర్చునే బడి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. దాన్ని ముందుగా గుర్తించింది మసాచుసెట్సే. ఏ ఒక్క మతశాఖకో అనుకూలంగా ఉండే పుస్తకాలను ప్రభుత్వ బడుల కోసం కొనరాదని 1827లో అక్కడే చట్టం వచ్చింది. ఆ రాష్ట్ర విద్యాబోర్డు కార్యదర్శి హొరేస్ మాన్ సండే స్కూల్ యూనియన్ పుస్తకాన్ని బడి గ్రంథాలయాలకు ఒప్పుకోనప్పుడు ఆయన్ను దైవద్రోహి అన్నంత పని చేశారు. అయితే మాన్ కూడా వ్యాఖ్యానం లేకుండా బైబిల్ చదివిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదనే నమ్మాడు. అది ఏ బైబిల్ అన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. ఐర్లండ్ నుంచి వస్తున్న పేద క్యాథలిక్ కుటుంబాలకు మొదట తట్టింది అదే.

1842లో ఫిలడెల్ఫియా బిషప్ ఫ్రాన్సిస్ కెన్రిక్, క్యాథలిక్ పిల్లలను తమ అనువాదంలోని బైబిల్‌నే చదవనివ్వమని కోరారు. బైబిల్‌ను బడి నుంచి తరిమేస్తున్నారన్న ప్రచారం అల్లుకుంది. 1844 మే నెలలో అల్లర్లు రేగి, ఐరిష్ క్యాథలిక్కులుండే కెన్సింగ్టన్ పేట తగలబడింది, రెండు చర్చిలు బూడిదయ్యాయి. జూలైలో మళ్లీ కాల్పులు జరిగాయి. రెండు విడతల్లో కలిపి కనీసం ఇరవై మంది చనిపోయారు.

నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు గుండెకాయ లాంటి ఘటన బోస్టన్‌లో, 1859 మార్చిలో, ఎలియట్ స్కూల్ అనే ప్రభుత్వ బడిలో జరిగింది. థామస్ వాల్ అనే క్యాథలిక్ బాలుడు పది ఆజ్ఞలను ప్రొటెస్టంట్ల పాఠంలో వల్లించనన్నాడు. ఆజ్ఞలు వద్దని అతడు అనలేదు. తన ఇంట్లో, తన చర్చిలో నేర్చుకున్న లెక్క వేరు. విగ్రహాలు చేసుకోరాదన్న మాటను కాల్విన్ మార్గం వారు రెండో ఆజ్ఞగా విడిగా లెక్కిస్తారు. క్యాథలిక్కులకు అది మొదటి ఆజ్ఞలోనే భాగం. అక్కడి నుంచి అంకెలు మారిపోతాయి. ఉపాధ్యాయుడు మెక్లారిన్ కుక్ బెత్తం తీసుకుని ఆ పిల్లవాడి చేతుల మీద దాదాపు అరగంట పాటు కొట్టాడు. చేతులు చిట్లి రక్తం కారింది. విషయం కోర్టుకెక్కితే న్యాయమూర్తి కుక్‌ను నిర్దోషిగా వదిలేశారు. వందలాది క్యాథలిక్ పిల్లలు బడి బయట నిలబడ్డారు. తల్లిదండ్రుల మనస్సాక్షికి విరుద్ధమైన అనువాదాన్ని చదవమని ఏ పిల్లవాణ్నీ బలవంతపెట్టరాదని మసాచుసెట్స్ చట్టం మార్చడానికి 1862 దాకా పట్టింది.

ఈ అంకెల తేడా తెలుగునేలకూ కొత్త కాదు. 1842లో గుంటూరు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ సంఘంలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి లెక్క నడిచింది. అందులో విగ్రహాల మాట విడి ఆజ్ఞ కాదు. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల లెక్కలో అది రెండోది. ఒకే దేశం నుంచి వచ్చిన రెండు మిషన్లు పక్క పక్క జిల్లాల్లో పది ఆజ్ఞలను రెండు రకాలుగా నేర్పాయి. ఎవరి బడి వారిది కాబట్టి అక్కడ బెత్తం పని పడలేదు.

ఇక చట్టం పిలిచిన మూడో సాక్షి మెక్‌గఫీ రీడర్లు. 1836లో సిన్సినాటిలో మొదటి పుస్తకాలు వచ్చినప్పుడు వాటి నిండా దైవభయం ఉంది. 1879 కూర్పు నాటికి అందులో చాలా భాగాన్ని ప్రచురణకర్తలే తీసేశారు. మెక్‌గఫీ అప్పటికే చనిపోయి ఆరేళ్లయింది. వాళ్లను ఏ కోర్టూ ఆదేశించలేదు. దేశమంతటా అమ్ముడుపోవాలంటే అన్ని రకాల ఇళ్లలోనూ చెల్లుబాటయ్యే పుస్తకం కావాలని వాళ్లకు అనుభవంతో తెలిసింది. సంప్రదాయం గురించి మాట్లాడేటప్పుడు ఈ కొట్టివేతలు కూడా సంప్రదాయమే. లూసియానా కేసులో చరిత్రకారుడు స్టీవెన్ గ్రీన్ పాత పాఠ్యపుస్తకాల గురించి సాక్ష్యమిచ్చాక, న్యాయమూర్తి జాన్ డిగ్రావెల్స్ 2024 నవంబరులో చట్టం అమలును ఆపారు. ఆ తర్వాత వాదన అప్పీలు కోర్టుకు చేరింది.

టెక్సాస్ చట్టం అచ్చువేయమన్న పాఠంలో ఆజ్ఞలకు అంకెలు లేవు. క్యాథలిక్కులు, యూదులు, ప్రొటెస్టంట్లు తలా ఒక రకంగా లెక్కపెట్టుకోవచ్చు. కానీ వాక్యాలు ఉన్నాయి. మొదటిది, నేను నీ దేవుడైన యెహోవాను. రెండోది, నేను తప్ప నీకు వేరే దేవుళ్లు ఉండరాదు. మూడోది, విగ్రహాలు చేసుకోరాదు. ఉదయం ఇంట్లో వినాయకుడికి దండం పెట్టుకుని బడికి వచ్చే ఏడేళ్ల తెలుగు పిల్ల, ఆంగ్లం కూడబలుక్కుని చదవడం అప్పుడప్పుడే వస్తున్న పిల్ల, ఏడాదంతా ఆ గోడకు ఎదురుగా కూర్చుంటుంది.