అద్దం పైకి రానంటే

మార్చిలో గుంటూరు మిర్చి యార్డు పక్కగా వెళ్తుండగా నా కారు అద్దం దిగింది, మళ్లీ ఎక్కలేదు. స్విచ్ ఎన్నిసార్లు లాగినా చప్పుడే లేదు. ఘాటుకి కళ్లు, ముక్కు ఏకధార. అద్దాన్ని నడిపే మోటారు పోయిందని నేనే తీర్మానించేసుకుని, మర్నాడు కొత్తది కొందామని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను.

అక్కడి ఎలక్ట్రీషియన్ డోర్ వంక చూడనైనా లేదు. "ముందు లోపలి లైటు వేయండి సార్. ఇప్పుడు స్విచ్ లాగండి." లైటు వెలుగు ఇసుమంత కూడా తగ్గలేదు. "మోటారు దాకా కరెంటు పోతున్నట్టు లేదే" అన్నాడు.

అద్దాన్ని నడిపేది 12 వోల్టుల డీసీ మోటారు. తిరుగుతున్నంతసేపూ అది చిన్న జనరేటర్‌లా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, తాను లాగే కరెంటును తానే తగ్గించుకుంటుంది. అద్దం పట్టేసి మోటారు ఆగిపోతే ఆ ఎదురు వోల్టేజీ సున్నా. ఇక అడ్డుకునేది చుట్టలోని రాగి తీగ ఒక్కటే. దాని నిరోధం అర ఓమ్ అనుకుంటే కరెంటు 24 ఆంపియర్లు! లోపలి లైటు మసకబారకుండా ఉంటుందా? మసకబారితే కరెంటు వెళ్తోంది, అద్దమో గేర్లో పట్టేశాయి. మసకబారకపోతే దారి ఎక్కడో తెగింది: ఫ్యూజు, స్విచ్, వైరు, లేదా మోటారులో తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోవడం. డోర్ మీద గట్టిగా చరిస్తే అద్దం కదిలిందంటే చాలావరకు ఆ బ్రష్షుల పనే. ఒక్కోసారి మోటారు వేడెక్కి లోపలి రక్షణే కరెంటు ఆపేస్తుంది. టెన్షన్‌లో నాలా స్విచ్ పీకుతూ కూర్చోకుండా పది నిమిషాలు ఆగి చూడాలి.

డోర్ లోపలి వైపు ప్యాడ్ విప్పి మోటారు ప్లగ్గు దగ్గర నా మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపించింది. నేను గెలిచాననుకున్నాను. అతను మీటర్ తీసి అదే ప్లగ్గుకి ఒక ఇండికేటర్ బల్బు తగిలించాడు, వెలగలేదు. మీటర్ దాదాపు కరెంటేమీ లాగదు, కాబట్టి వైరులో తుప్పు పట్టిన పోగు ఒక్కటి మిగిలినా వోల్టేజీ నిండుగానే కనిపిస్తుంది. పని చెబితేనే లోపం బయటపడుతుంది. డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో, తెరిచి మూసి నలిగిన చోట, వైరు దాదాపు తెగిపోయి ఉంది.

నా కారులా కాకుండా, అద్దం కిందకి బాగానే దిగుతూ పైకి మాత్రం ఉలుకూ పలుకూ లేకపోతే ముందు స్విచ్‌ని అనుమానించండి. ఒకే మోటారు, కరెంటు దిశ మారితే తిరిగే దిశ మారుతుంది, అంతే. కిందకి తిరిగిందంటే మోటారు బాగున్నట్టే.

నిజంగా మోటారే పోతే మార్చడం మరీ కష్టం కాదు, కానీ ముందు బ్యాటరీ తీగ తీసి, అద్దం జారకుండా టేపుతో ఫ్రేముకి అంటించాలి. అద్దాన్ని కిందకి జారకుండా పట్టి ఉంచేది మోటారులోని వర్మ్ గేరే, అంటే మర ఆకారంలో ఉండే గేరు. మోటారు విప్పగానే అద్దం ధబ్బున పడుతుంది, కింద మన వేళ్లుంటాయి. కొత్తది బిగించాక, డోర్ ప్యాడ్ వేయకముందే అద్దాన్ని రెండుసార్లు ఎక్కించి దించి చూసుకోవాలి.

నా కారుకి జానెడు వైరు సరిపోయింది.