నింటెండో రాని చోట డెండీ రాజ్యం

ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 2022 మార్చిలో, సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ రష్యాకు గేమ్ కన్సోళ్లు పంపడం ఆపేశాయి. చాలా విదేశీ బ్రాండ్ల సరుకును అసలు కంపెనీ అనుమతి లేకుండానే వేరే దేశాల మీదుగా తెప్పించుకోవచ్చని మాస్కో ప్రభుత్వం తలుపులు తెరిచింది. కంపెనీ లేదు, దాని సరుకు మాత్రం దుకాణంలో ఉంది. నలభై దాటిన రష్యన్లకు ఇదేం కొత్త కాదు. వాళ్లు చిన్నప్పుడు ఆటలు నేర్చుకున్నదే అలాంటి బజార్లో. ఆ బజారును నిలబెట్టిన కంపెనీ స్టీప్లర్. అది అమ్మిన పెట్టె డెండీ.

నింటెండో 1983 జులైలో జపాన్‌లో ఫ్యామికామ్ అనే గేమ్ కన్సోల్ విడుదల చేసింది. దశాబ్దం తిరిగేలోపు అమెరికా, యూరప్ పిల్లల చేతుల్లో దాని రిమోట్లే. సోవియట్ యూనియన్ వైపు మాత్రం ఆ కంపెనీ అమ్మకానికి రాలేదు. కొనడానికైతే వచ్చింది: 1989లో టెట్రిస్ హక్కుల కోసం మాస్కోలో ప్రభుత్వ సంస్థ ఎలోర్గ్‌తో బేరమాడి, గేమ్‌బాయ్‌తో పాటు ఆ ఆటను ప్రపంచమంతా అమ్ముకుంది. సోవియట్లూ తక్కువ తినలేదు. నింటెండో చేతి ఆటబొమ్మను కాపీ కొట్టి, తోడేలు గుడ్లు పట్టే ఆటగా మార్చి, ఎలెక్ట్రానికా పేరుతో అమ్మారు.

స్టీప్లర్ మాస్కోలో కంప్యూటర్ల వ్యాపారం చేసుకునే కొత్త తరం ప్రైవేటు సంస్థ. టీవీకి తగిలించే గేమ్ పెట్టెలు అమ్ముదామన్న ఆలోచన విక్టర్ సావ్యూక్‌ది, పెట్టుబడి స్టీప్లర్‌ది. 1992 డిసెంబరులో డెండీ దుకాణాల్లోకి వచ్చింది. అదేం సామాన్యమైన ఏడాది కాదు. జనవరిలో ప్రభుత్వం ధరల మీద పట్టు వదిలేసింది, ఏడాది తిరిగేసరికి అవి ఇరవై అయిదు రెట్లు దాటాయి. జీవితకాలం దాచుకున్న సొమ్ము కళ్లముందే ఆవిరైంది. అలాంటప్పుడు 39,000 రూబుళ్లు పెట్టి ఆటబొమ్మ ఎవరు కొంటారని ఎవరికైనా అనిపిస్తుంది. కొన్నారు. తమకేం మిగలకపోయినా పిల్లలకు ఒకటి కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రులు ఏ దేశంలోనైనా ఉంటారు.

పెట్టె లోపల ఉన్నది ఫ్యామికామ్ నకలు, తయారీ తైవాన్‌లో. తర్వాత కొంత భాగం రష్యా పట్టణం దుబ్నాలోని టెన్సర్ కర్మాగారంలో బిగించారు. అణు కేంద్రాలకు పరికరాలు చేసిన ఫ్యాక్టరీ అది. నకలైనా గుడ్డిగా కొట్టిన నకలు కాదు. జపాన్ టీవీ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది, రష్యా టీవీ 50 సార్లే. ఈ తేడాతో జపాన్ ఆటలు నెమ్మదిస్తాయి, కొన్ని తడబడతాయి. యూరప్ కోసం నింటెండో వేరే యంత్రమే చేసింది. తైవాన్ చిప్ కంపెనీ యూఎంసీ మాత్రం ప్రాసెసర్ వేగాన్నీ, తెర మీద గీతలు పడే సమయాన్నీ సర్ది, జపాన్ క్యాసెట్లే దాదాపు యథాతథంగా ఆడేలా చేసింది. పాత ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ఇవాళ్టి ఎమ్యులేటర్లలో జపాన్, అమెరికా పద్ధతి ఎన్టీఎస్సీ, యూరప్ పద్ధతి పాల్ పక్కన మూడో ఎంపికగా డెండీ కనిపించేది అందుకే. తొంభైలలో మన ఊళ్లలో ‘9999 ఇన్ 1’ క్యాసెట్ పెట్టి కాంట్రా ఆడినవాళ్లు వాడిందీ ఈ వంశం పెట్టెలే.

మన దగ్గర వాటికి ఊరూ పేరూ సరిగా ఉండేది కాదు. నకలు పెట్టెకు ఊరూ పేరూ తేవడంలోనే స్టీప్లర్ గొప్పతనమంతా ఉందని నా లెక్క. యానిమేషన్ కళాకారుడు ఇవాన్ మాక్సిమొవ్‌తో బుల్లి ఏనుగు గుర్తు గీయించుకుంది. టీవీలో పాటతో ప్రకటనలు గుప్పించింది. సొంత దుకాణాలు, డీలర్లు, మరమ్మతు కేంద్రాలు, డెండీకే ఒక పత్రిక. 1994 సెప్టెంబరులో సెర్గేయ్ సుపోనెవ్ వ్యాఖ్యాతగా టీవీ కార్యక్రమం కూడా మొదలైంది. నకలు సరుకుకు అసలు బ్రాండుకు చేసేంత మర్యాద చేసింది. 1994 చివరికి అమ్మిన పెట్టెలు పది లక్షలు దాటాయి.

అప్పుడు నింటెండో కళ్లు తెరిచింది. రష్యాలో ఫ్యామికామ్ హక్కుల్ని కాపాడుకునే ఏర్పాటేదీ అది చేసుకోలేదు, కాబట్టి కోర్టుకెక్కి పెద్దగా సాధించేది లేదు. దాంతో రాజీ కుదిరింది. డెండీ జోలికి నింటెండో రాదు, దాని తర్వాతి కన్సోల్ సూపర్ నింటెండోను రష్యాలో అమ్మే హక్కు స్టీప్లర్‌ది. బదులుగా స్టీప్లర్ నింటెండో పోటీదారు సెగా సరుకు వదిలేయాలి. అదే ఏడాది రష్యా బ్యాంకు ఇంకమ్‌బ్యాంక్ డెండీ వ్యాపారంలో వాటా తీసుకుంది.

కాగితం మీద ఇంతకంటే గొప్ప ఒప్పందం లేదు. బజారు సంగతి వేరు. ఎనిమిది బిట్ల డెండీ చూసి విసిగిన పిల్లలు పదహారు బిట్లకు ఎదుగుతున్న సమయమది. వాళ్లు వెళ్లింది సెగా మెగా డ్రైవ్ వైపు. దాని నకళ్లు, దొంగ క్యాసెట్లు చవగ్గా దొరికేవి. సూపర్ నింటెండో ఖరీదెక్కువ, దాని ఆటలకు అలాంటి చవక నకళ్లు తక్కువ. నకళ్లతో పైకొచ్చిన కంపెనీ అసలు సరుకు పట్టుకుని నకళ్లతో పోటీపడాల్సి వచ్చింది. చవక డెండీ అమ్మకాల్లో కూడా స్థిమితం లేదు. అదే ఫ్యామికామ్ నకలును సుబోర్ వంటి చైనా పెట్టెల రూపంలో ఏ సంతలోనైనా ఇంకా తక్కువకు ఇచ్చేవారు. దాన్నీ జనం డెండీ అనే అడిగి కొనేవారు. అంటే ప్రకటనల ఖర్చు స్టీప్లర్‌ది, లాభం ఊరందరిదీ.

1996లో స్టీప్లర్ కుప్పకూలింది, డెండీ వ్యాపారమూ దానితోనే పోయింది. ఇంకమ్‌బ్యాంక్ లైసెన్సును 1998 అక్టోబరులో రష్యా కేంద్ర బ్యాంకు రద్దు చేసింది.

ఇప్పుడు వేరే దేశాల మీదుగా వచ్చే కన్సోల్‌తో ఆనాటి సదుపాయం మాత్రం లేదు. డెండీ క్యాసెట్ దూర్చి స్విచ్ నొక్కితే ఆట మొదలయ్యేది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2022లో సోనీ, నింటెండో తమ ఆన్‌లైన్ దుకాణాలను కూడా రష్యాలో ఆపేశాయి. పెట్టె సరిహద్దు దాటి వచ్చినా, డౌన్‌లోడ్ ఆట కొనాలంటే వేరే దేశం ఖాతా, వేరే దేశం కార్డు వెతుక్కోవాలి.