సీసం విషానికి మందు: యుద్ధం గ్యాసు నుంచి మాత్ర దాకా

తిరుపతి పక్కనే కరకంబాడిలో బ్యాటరీల పరిశ్రమ ఉంది కాబట్టి సీసం మాట మనకి కొత్తేం కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోవడం, ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించడంతో ఒకటే టెన్షన్ (తర్వాత పురుగుమందుల మీద అనుమానం వచ్చింది, అది వేరే కథ). ‘పిల్లలకి ఎక్కితే మందుందా సార్?’ అంటారు అందరూ.

ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషవాయువుకి విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన బీఏఎల్ (బ్రిటిష్ యాంటీ లూయిసైట్) ఇంజెక్షన్ మొదటిది. అది కలిపేది వేరుశనగ నూనెలో, అంటే మన చిత్తూరు జిల్లా పంటే! కండలోకి లోతుగా గుచ్చాలి, పిల్లలు అల్లాడిపోతారు. 1950ల్లో కాల్షియం ఈడీటీఏ వచ్చింది, సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుంది. పేరులో ‘కాల్షియం’ చాలా ముఖ్యం: 2005లో అమెరికాలో రెండేళ్ల పాపకి పొరపాటున కాల్షియం లేని ఈడీటీఏ ఎక్కించారు, రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగి చనిపోయింది. 1991లో నోటితో వేసుకునే సక్సిమర్‌కి అక్కడ అనుమతి దొరికింది, కుళ్లిన గుడ్డు వాసన, అయినా సూది కంటే నయం.

అయితే విషం దిగినంత మాత్రాన పిల్లాడు బాగైనట్టా? 1943లోనే బోస్టన్ డాక్టర్లు, నయమైందని ఇంటికి పంపిన 20 మంది పిల్లల్ని తర్వాత చూస్తే, ఒక్కరు తప్ప అందరూ బడిలో వెనకబడ్డారు. 2001లో ఇంకా గట్టిగా తేలింది. డెసిలీటరు రక్తానికి 20 నుంచి 44 మైక్రోగ్రాముల సీసం ఉన్న 780 మంది చిన్నపిల్లల్లో సగం మందికి సక్సిమర్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సీసం తగ్గింది, తెలివితేటల్లో మాత్రం తేడా రాలేదు. అందుకే 2021 డబ్ల్యూహెచ్‌వో మార్గదర్శకాల్లోనూ పదేళ్లలోపు పిల్లలకి మందు అనేది మామూలుగా 45కి చేరాకే. అంతకు తక్కువుంటే సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతకడమే వైద్యం, నా ఉద్దేశంలో మనవాళ్లకి అస్సలు నచ్చని సలహా ఇదే, సూదో మాత్రో రాయకపోతే డాక్టరే కాదనుకుంటాం కదా.

వెతకాల్సింది పెచ్చులూడే పాత పెయింటు (పెయింటులో సీసానికి 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకి 90 పాళ్ల పరిమితి మన దేశంలో 2017 నవంబరు నుంచే), మరీ మెరిసిపోయే విడి పసుపు, బ్యాటరీ పనికి వెళ్లే నాన్న బట్టలు. ఐరన్ తక్కువుంటే ఒంట్లోకి సీసం ఇంకా ఎక్కువ చేరుతుంది, అదీ చూపించాలి. సక్సిమర్ కోర్సు 19 రోజులు, ఆపాక ఎముకల్లో దాగిన సీసం మళ్లీ రక్తంలోకి దిగుతుంది కాబట్టి, చికిత్స వేలూరులో చేయించినా తిరుపతిలో చేయించినా కొన్ని వారాలకి మళ్లీ రక్తపరీక్ష తప్పదు.