పసుపుబారిన స్పిరులినా తొట్టికి యూరియా మందు కాదు

వేసవి వచ్చిందంటే మిర్యాలగూడ, దేవరకొండ వైపు స్పిరులినా (తొట్టి నీటిలో పెంచి తినే నీలి-ఆకుపచ్చ నాచు) పెంచేవారి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "సార్, తొట్టి పసుపుబారింది, యూరియా ఎంత వేయమంటారు?" వరి పసుపుబారితే యూరియా చల్లి అలవాటైన చేతులకు ఆ ఆలోచన రావడం సహజమే. అప్పు తెచ్చి తొట్టి కట్టుకున్నవారి కంగారు నాకు తెలుసు. "ఇంకో గుప్పెడు వేస్తే దిగుబడి రెట్టింపు" అని వాట్సాప్‌లో ప్రచారం చేసేవారిపైనే నాకు ఓపిక లేదు.

అపోహ: ఎరువు పెరిగిన కొద్దీ నాచు పెరుగుతుంది.

వాస్తవం: పెరుగుదలకు హద్దు గీసేది అవసరానికి తక్కువైన పోషకమే. ఇనుమో భాస్వరమో తక్కువైన తొట్టిలో నత్రజని పోస్తే అది వాడుక కాక మిగులుతుంది. యూరియా అయితే విడిపోయి అమ్మోనియాగా మారుతుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉన్న నీటిలో, 25 డిగ్రీల దగ్గర, ఆ అమ్మోనియాలో ఒక శాతం కూడా విషపు రూపంలో ఉండదు. స్పిరులినాను మనం పెంచేది 9 నుంచి 10.5 పీహెచ్‌లో. అదే వేడిలో పీహెచ్ 10కి చేరితే 80 శాతానికి పైగా ఆ రూపంలోనే ఉండి కణాల్లోకి చొరబడుతుంది, మన ఎండలకు ఆ వాటా ఇంకా పెరుగుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. మొదటి ఏడాది ఏప్రిల్‌లో, పాలిపోయిన తొట్టిలో లెక్క చూడకుండా రెండు దోసిళ్లు వేశాను. తెల్లవారి షెడ్డు తలుపు తీయగానే పశువుల కొట్టంలోని ఘాటు ముక్కుకు తగిలింది. నురుగు కింద నీరు గోధుమరంగుకు తిరిగి ఉంది, వడకట్టే గుడ్డ మీద ముద్ద నిలవలేదు. తీరా చూస్తే అసలు కొరత ఇనుముది. ఈడీటీఏ (ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనం) లేకుండా వేసిన అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ఆ పీహెచ్‌లో తుప్పుగా మారి అడుగున పేరుకుంది.

నత్రజని చాలనప్పుడు స్పిరులినా తన నీలివర్ణకమైన ఫైకోసయనిన్‌ను విరిచి వాడుకుంటుంది కనుక పసుపుబారుతుంది. ఇనుము చాలకపోయినా, పల్చని కల్చర్‌పై మండుటెండ పడినా పాలిపోతుంది. కాబట్టి మూడు సీసాల్లో తొట్టి నీరు పట్టి, ఒకదానిలో నత్రజని కోసం చిటికెడు సోడియం నైట్రేట్, రెండోదానిలో ఈడీటీఏ కలిపిన ఇనుము వేసి, మూడోదాన్ని అలాగే ఉంచి, రెండు మూడు రోజులు ఒకే నీడలో చూడండి. ఏది వేసిన సీసా పచ్చబడితే కొరత దానిది. మూడూ పచ్చబడితే కారణం ఎండే. యూరియానే వాడదలిస్తే కోత కోసిన మేరకు లెక్కగట్టి, రోజూ కొద్దికొద్దిగా వేయాలి.

మిగిలినవి క్లుప్తంగా. అజొల్లా అనే నీటి మొక్క ఆకుల్లో ఉండే అనబీనా నాచులా స్పిరులినా గాలిలోని నత్రజనిని పట్టుకోలేదు. స్పిరులినా పెంపకానికి వాడే జరూక్ పోషక ద్రావణంలో లీటరుకు 16.8 గ్రాములు పడే వంటసోడా పీహెచ్‌ను నిలపడానికే కాదు, కర్బనం అందించడానికి కూడా. మన బోరు నీటిలో సున్నం ఎక్కువైతే, వేసిన భాస్వరం తెల్లగా విరిగి అడుగుకు చేరుతుంది. తినే పంట కనుక ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో తొట్టి నింపకముందే పరీక్ష చేయించాలి.