చలికాలంల కోళ్లకు నీళ్లు: అపోహలు, వాస్తవాలు

నర్సంపేట దిక్కు మా ఊర్లె పదకొండేండ్ల సంది నాటుకోళ్లు సాదుతున్న. చలి మొదలైందంటే చాలు, అన్నా కోళ్ల నీళ్లు గడ్డకడ్తయా, హీటర్ కొనాల్నా అని ఒకటే ఫోన్లు. మంచు దేశాల వీడియోలు చూసి భయపడుతున్నరు, అందుకే రాస్తున్న.

అపోహ: హీటర్ లేకుంటే నీళ్లు గడ్డకడ్తయి.
వాస్తవం: గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీలకు పోవాలె. ఆదిలాబాద్, సిర్పూర్ దిక్కు బాగ చలి పెట్టిన రాత్రి 5 డిగ్రీల దగ్గరికి దిగుతది, వరంగల్ల అంత గూడ ఉండది. కెనడా అసొంటి దేశాలల్ల గిన్నె కింద కరెంటు హీటర్ పెడ్తరు, లేకుంటే రోజుకు రెండు మూడు సార్లు గడ్డ పారబోసి కొత్త నీళ్లు పోస్తరు. మనకు ఆ ఖర్చు వద్దు.

అపోహ: చలికాలం కోడికి దప్పి కాదు, నీళ్లు తక్కువైనా నడుస్తది.
నష్టం చేసేది ఇదే. గుడ్డుల దగ్గర దగ్గర ముప్పావు వంతు నీళ్లే. కోడి తిన్న దాణాకు రెండింతల నీళ్లు తాగుతది, గుడ్లు పెట్టేదానికి రోజుకు పావు లీటర్ దాక పడ్తది, నీళ్లు తగ్గితే ముందు మేత తగ్గుతది, ఎనక గుడ్లు తగ్గుతయి. మొన్న డిసెంబర్ల దగ్గర కూసోని చూసిన, రాత్రంత బయటున్న సిల్వర్ గిన్నెల పెట్ట ముక్కు ముంచింది, తల ఇదిలిచ్చింది, ఇంకోసారి ముంచి పక్కకు పోయింది. అదే గిన్నె కడిగి బోరు ఏసి అప్పుడే వచ్చిన నీళ్లు పోస్తే అన్నీ ఉరికొచ్చి తాగినయి. భూమిల నీళ్లు చలికాలం గూడ పెద్దగ చల్లబడయి, పొద్దుగాల చెయ్యి పెడితే గోరువెచ్చగ తగుల్తయి, మిద్దె మీది ట్యాంకు నీళ్లే జిల్లుమంటయి.

రాత్రి గూడ గిన్నె నిండుగ ఉండాలె అనేది ఇంకో అపోహ. చీకట్ల కోళ్లు తాగయి. పొద్దుమూకంగనే పారబోసి గిన్నె బోర్లేయుండ్రి, తెల్లారంగనే బోరు నీళ్లు పోయుండ్రి. బ్రూడర్ల (పిల్లలకు బల్బుతోటి ఎచ్చ ఇచ్చే జాగల) పిల్లలు మాత్రం వేరు, బల్బు ఎలుగుతది కాబట్టి వాటికి రాత్రి గూడ నీళ్లుండాలె, కొత్త పిల్లలు వచ్చే మూడు నాలుగు గంటల ముందే నీళ్లు లోపల పెడితే ఆ ఎచ్చకు సర్దుకుంటయి.

ఉప్పేస్తే నీళ్లు గడ్డకట్టయి అని ఒకాయన వాట్సాప్ల పెట్టిండు. అస్సలు వెయ్యకుండ్రి! ఉప్పు ఎక్కువైతే కోళ్లు తూలి పడిపోతయి, పిల్లలైతే ఇంక తట్టుకోవు.

షెడ్డు చుట్టూ పట్టాలు బిర్రుగ కట్టి నీళ్లను కాపాడుదామనుకుంటే గూడ తప్పే, పైన జానెడు సందు ఇడవకుంటే రెట్టల ఘాటు కండ్లకు కొడ్తది. నీళ్లు చింది కింద పరిచిన పొట్టు తడవకుండ గిన్నె కింద రెండు ఇటుకలు పెట్టుండ్రి, చలికి పొట్టు తొందరగ ఆరది, తడి పొట్టుతోటే రక్తపారుడు రోగం వస్తది.