కక్కు ఉన్న వంకర చాకుకు ఇంట్లో పదును: అపోహలు - వాస్తవాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు కదిలే రోజుల్లో మడత చాకుకు చేతినిండా పనే. సుతిలి తెంపాలె, గోనె మూతి కుట్టు విప్పాలె, చేన్ల డ్రిప్ పైపు కోయాలె. వీటికి సాదా చాకు కంటే కొడవలి లెక్క లోపలికి వంగి, కక్కు (అంచున చిన్న చిన్న పళ్లు) ఉన్న చాకు నయం. తాడు వంపులో చిక్కి జారదు, పళ్లు పీచును పట్టి తెంపుతాయి. అది మొద్దుబారినప్పుడే చిక్కు. తలా ఒక వైద్యం చెప్తారు, అందులో సగం చాకును చంపేవే.

అపోహ: "కక్కు చాకుకు పదును పోదు."

పోతుంది, ఆలస్యంగా తెలుస్తుంది అంతే. గట్టి వస్తువు తగిలినప్పుడు దెబ్బ ముందు పళ్ల కొనలకే. రెండు పళ్ల నడుమ గుంతలో ఉన్న వాదర (కోసే అంచు) వాటి చాటున ఉంటుంది కాబట్టి కొనలు అరిగినా కొన్నాళ్లు కోస్తూనే ఉంటుంది. సుతిలితో చూస్తే తెలిసిపోతుంది. ఒక్క లాగుకు నున్నగా తెగాలి. పీచు చిందరవందరైనా, ప్లాస్టిక్ బస్తా తెగకుండా పోగులు ఊడొస్తున్నా సాన పెట్టే వేళ అయినట్టే.

అపోహ: "కమ్మరి దగ్గర కొడవలికి కక్కు కొట్టించినట్టే దీనికీ కొట్టియ్యాలె."

కొడవలి ఇనుము ఆకురాయికి లొంగుతుంది, అందుకే ఆ పని అక్కడ చెల్లుతుంది. మంచి మడత చాకు ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో సాధారణంగా 56 నుంచి 60 దాకా ఉంటుంది. ఆకురాయి అంతకంటే కాస్తే గట్టి. అందుకే అది కిర్రుమని జారుతుంది, లేదంటే గరుకు గీతలు వదిలిపోతుంది. చైన్‌సా పళ్లకు వాడే 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి గుంతలో కొలిచినట్టే కూర్చున్నా ఇదే తంతు.

కావలసింది డైమండ్ పూత ఉన్న కడ్డీ. ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా ఉండేది, 600 నుంచి 1000 గ్రిట్ (గరుకుదనం నంబరు) మధ్యది. కొనొద్దనుకుంటే రంగులేసేవాళ్లు వాడే వాటర్ పేపర్ 600 నంబరుది తెచ్చి, గుంతకు సరిపడే నున్నటి ఇనుప కడ్డీకి ఒకే చుట్టు చుట్టండి. కాగితం మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాగితంతో అయితే వెన్ను నుంచి వాదర దిక్కుకే తోయాలి, ఎదురు తోస్తే చాకు కాగితాన్నే కోస్తుంది.

అపోహ: "రెండు దిక్కులా సమానంగా సాన పట్టాలె."

ఎక్కువ చాకులు పాడయ్యేది ఇక్కడే. చాకును వెలుతురుకు పట్టి రెండు పక్కలా చూడండి. చాలావాటిలో గుంతలు ఒక పక్కనే చెక్కి ఉంటాయి, రెండో పక్క చదును. పనంతా చెక్కిన పక్కనే. చదును పక్క అరగదీస్తే గుంత లోతు తగ్గి, పన్ను పొట్టిదైపోతుంది.

ముందు చాకు పూర్తిగా తెరిచి, వెన్నుకు మందపాటి గుడ్డ చుట్టి, బల్ల అంచున క్లాంప్‌తో బిగించండి. లాక్ లేని చాకైతే ఇది తప్పదు, నూరుతుంటే మడతపడి వేళ్ల మీదికొస్తుంది. గుంతల వాలు మీద నల్ల మార్కర్ పూయండి. కడ్డీని గుంతలో ఆనించి, గుంత వెడల్పుకు సరిపోయే లావు ఎక్కడుందో చూడండి, కాస్త సన్నగా ఉన్నా పర్వాలేదు. లావెక్కువైతే అడుగుకు తగలకుండా కొనలనే తింటుంది. ఒక్కసారి తోసి చూడండి. సిరా వాదర దగ్గరే పోతే కడ్డీ ఎక్కువ ఎత్తారు, వెన్ను దిక్కుకే పోతే తక్కువ ఎత్తారు. వాలు అంతా సిరా పోయిందంటే చాకు తయారైన కోణమే దొరికింది, అదే పట్టుకోండి.

ఇక వేళ్ల మధ్య కడ్డీని కొద్దిగా తిప్పుతూ, బరువు వేయకుండా గుంతకు ఐదారు తోపులు. తర్వాత చదును పక్క బొటనవేలిని వాదరకు అడ్డంగా, బయటికి జరపండి. పొరపాటున కూడా వాదర వెంట జరపొద్దు. గరుకుగా సన్నని పొర తగలాలి, వర్క్‌షాపుల్లో దాన్నే బర్ అంటారు. అది వచ్చిందంటే ఉక్కు అంచు దాకా అరిగినట్టు, తర్వాతి గుంతకు పోవచ్చు. పది తోపులకూ రాకపోతే కోణం తప్పినట్టే. బలం పెంచడం కాదు, మళ్లీ మార్కర్ పూసి చూడాలి.

వంకర చాకులో ఇంకో కిటుకు ఉంది. కడ్డీ ప్రతి గుంతకూ సూటిగా, వాదరకు అడ్డంగా ఉండాలి. వాదర వంగుతూ పోతుంది కాబట్టి మీ మణికట్టు కూడా దాంతోపాటు తిరగాలి. మొదటి పన్ను దగ్గర పట్టిన దిక్కే మొనదాకా ఉంచితే చివరి పళ్లన్నీ ఒక పక్కకు ఒరుగుతాయి. మొన దగ్గర తోపు పొట్టిగా ఆపాలి, కడ్డీ జారి బయటికి పోతే మొన గుండ్రబడుతుంది. పెద్ద గుంతల మధ్య చిన్న జంట గుంతలుంటే కడ్డీ సన్న కొస, లేదా త్రికోణపు సిరామిక్ కడ్డీ అంచు వాడాలి.

అన్ని గుంతలూ అయ్యాక 2000 నంబరు వాటర్ పేపర్ చుట్టిన కడ్డీని చదును పక్క పూర్తిగా ఆనించి, ఒకటి రెండుసార్లు తేలిగ్గా జరిపితే పొర ఊడిపోతుంది. అక్కడ కడ్డీని ఎత్తారా, కొత్త వాలు పుడుతుంది.

అపోహ: "సైకిల్ సాన మీద ఒక్క నిమిషం పెడ్తే అయిపాయె."

కత్తెరలకు, కత్తిపీటకు వాళ్ల చేయి బంగారం. కానీ ఆ చక్రం అంచు గుంతల్లోకి దూరదు, పళ్లను చెక్కి పారేస్తుంది. కరెంటు గ్రైండర్ అయితే వేడి ప్రమాదం కూడా. ఉక్కు మీద నీలిరంగు తేలిందంటే అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరినట్టు, ఆ భాగం మెత్తబడుతుంది. ఎంత సాన పెట్టినా పదును నిలవదు. పింగాణీ కప్పు అడుగు, గడప బండ కూడా ఇందుకు పనికిరావు. లోపలికి వంగిన వాదరకు చదును వస్తువు సరిగా ఆనదు, ఆనిన చోటా పళ్ల కొనలకే తగులుతుంది.

అపోహ: "గరుకు కాగితం నాలుగుసార్లు కోస్తే చాలు."

కాగితం తెగుతుంది, చాకు అరుగుతుంది. ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: "స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు, కొబ్బరి నూనె రాస్తే చాలు."

చెమట, నిమ్మరసం, పచ్చిమిర్చి రసం గుంతల్లో ఆరిపోతే స్టెయిన్‌లెస్‌కూ మచ్చలు పడతాయి. సాన అయ్యాక ఉక్కు పొడి మడత కీలులో చేరుతుంది. పాత పళ్ల బ్రష్‌తో, సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన చలికాలం రాత్రుల్లో కీలు బిగుసుకుంటుంది. కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేసి, నాలుగుసార్లు మడిచి తెరిచి, పైకొచ్చింది తుడిచేయండి. ఎక్కువ పోస్తే పత్తి దుమ్మంతా ఆ కీలులోకే చేరుతుంది.